మీదపడి తన్నే పుంజు: దారికి తేవడమా, వేరుచేయడమా, వదులుకోవడమా?

నీళ్ళ గిన్నె నింపడానికి వంగి ఉన్నాను. వెనుక పొడిమట్టి మీద గోళ్ళు గీరిన చప్పుడు వినబడింది. తల తిప్పేలోపే పిక్క మీద రెండు కాళ్ళ దెబ్బ పడింది. తిరిగి చూస్తే పుంజు పారిపోలేదు. మెడ ఈకలు గొడుగులా విప్పుకొని, తల నేలబారుగా దించి, రెండో దెబ్బకు సిద్ధంగా నన్నే చూస్తోంది. గుడ్డ చిరగలేదు కాని దాని కాలి వెనుక ఉండే ముల్లు దిగిన చోట చర్మం మీద చిన్న గుంట పడి, సాయంత్రానికి దాని చుట్టూ నీలం కమ్మింది. ఆ పుంజును పిల్లగా ఉన్నప్పటి నుంచి అరచేతిలో పెట్టుకొని పెంచాను. అప్పటికి దానికి ఎనిమిది నెలలు.

ఆ వారమంతా సలహాలే. చీపురుతో ఒక్కటివ్వమని ఒకరు, చంకలో పెట్టుకొని తిప్పమని ఒకరు, ముళ్ళు కత్తిరించమని మరొకరు, కోసేస్తే గొడవే ఉండదని ఇంకొకరు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ఏదీ అన్ని ఇళ్ళకూ సరిపోదు. అది ఎవరి మీద పడుతోంది, ఎలా పడుతోంది, ఆ మందకు అసలు పుంజు అవసరమా అని మాత్రం ఎవరూ అడగలేదు. దారి ఎంచుకోవాల్సింది ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే.

మొదటి ప్రశ్న: పెరట్లోకి ఎవరు వెళతారు?

పెద్దవాళ్ళకు పిక్క మీద పడే దెబ్బ నాలుగేళ్ళ పిల్లకు ముఖం మీద పడుతుంది. పుంజు ఎగిరి తన్నే ఎత్తు సరిగ్గా ఆ వయసు పిల్లల కళ్ళ ఎత్తు. అందుకే చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో పుంజుకు మర్యాద నేర్పే ప్రయోగాలు పిల్లలు ఉన్న చోట చేయకూడదు. ముందు వేరుచేయాలి, మిగతావన్నీ తర్వాత ఆలోచించాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

వయసు మళ్ళినవారి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కాళ్ళలో నరాలు ఉబ్బి ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న గాయం కూడా చిన్నది కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరడానికి వెళ్ళిన ఒక వృద్ధురాలి కాలి మీద పుంజు పొడిస్తే, ఉబ్బిన నరం చిట్లి, రక్తస్రావంతో ఆమె చనిపోయారు. 2019లో ఆ సంగతి వైద్య పత్రికలో వచ్చింది. ఇలాంటివి చాలా అరుదు. అయినా కాళ్ళ మీద నరాలు తేలిన అమ్మమ్మ రోజూ గూటి దగ్గరకు వెళ్ళే ఇల్లయితే ఆ పుంజు గురించి ఈ రోజే నిర్ణయం తీసుకోవాలి.

ముల్లు దిగిన గాయాన్ని పైన కడిగి ఊరుకోకండి. అది సన్నగా, లోతుగా ఉంటుంది. దానిమీద ఉండేది కోడి రెట్ట, మట్టి. సబ్బునీళ్ళతో బాగా కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. ఎర్రగా వాచినా, వేడిగా అనిపించినా, దెబ్బ కంటి దగ్గరో కీలు మీదో తగిలినా వైద్యుని దగ్గరకు వెళ్ళాల్సిందే.

రెండో ప్రశ్న: అది ఏ రకం దాడి?

అసలు విషయం ఇక్కడే ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోకుండా నేరుగా శిక్షకు వెళ్ళిపోతారు. మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చనే వరుస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె 1921లో రాశాడు. ఆయన అది కనిపెట్టింది పెట్టలను గమనించే. చేతిమీద పెరిగిన పుంజుకు మనిషంటే బెదురు ఉండదు కాబట్టి ఆ వరుసలోకి మనల్నీ లాగుతుంది. నా పుంజు చేసింది అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. బెదురుతో కాస్త దూరం పాటిస్తూ పెరిగిన పుంజులు మనుషుల జోలికి రావడం నేను తక్కువగా చూశాను.

కాపలా పుంజు వేరు. మీరు పెట్టకూ దానికీ మధ్యలోకి వచ్చినప్పుడో, మీ చేతిలో పెట్ట అరిచినప్పుడో మాత్రమే అది దూకుతుంది. మిగతా సమయంలో తన పని తాను చూసుకుంటుంది. ఇది చెడ్డ పుంజు కాదు. గద్ద నీడ పడితే కేక వేసి మందనంతా చెట్టు కిందికి తోలేది కూడా ఇలాంటిదే. దీన్ని మార్చనవసరం లేదు, మన పద్ధతి మార్చుకుంటే చాలు.

సవాలు విసిరే పుంజు వేరు. ఒక రెక్క నేలకు దించి, పక్కవాటుగా అడుగులు వేస్తూ మీ చుట్టూ తిరుగుతుంది. ఏదో ఏరుతున్నట్టు నేలను ముక్కుతో కొడుతుంది కాని ఏమీ తినదు. రెక్క దించే ఆ నడకను పెట్టల ముందు కూడా చేస్తుంది కాబట్టి ముద్దుగా నాట్యం చేస్తోందని కొందరు మురిసిపోతారు. మనిషి ముందు ఆ నాట్యం మొదలైందంటే తన్నుడు దగ్గరలోనే ఉందని అర్థం. దాన్ని కనిపెట్టిన రోజునే పని మొదలుపెడితే సగం గెలిచినట్టే.

ఇక మూడేళ్ళుగా నెమ్మదిగా ఉన్న పుంజు ఉన్నట్టుండి తిరగబడితే ముందు దాని ఒళ్ళు చూడండి. రెక్కల కింద, తోక మొదట్లో పేలు ఉన్నాయా, కాళ్ళ పొలుసులు పైకి లేచి గరుకుగా అయ్యాయా, పాదం కింద పుండు ఉందా, ఒక కన్ను మసకబారిందా చూడాలి. నొప్పితో ఉన్న పుంజు, ఒక పక్క సరిగా కనిపించని పుంజు దగ్గరకు వచ్చిన ప్రతిదాన్నీ కొడుతుంది. దానికి కావలసింది వైద్యం.

వయసునూ, కాలాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయిదు నుంచి ఎనిమిది నెలల మధ్య మగ హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. పగటి వెలుతురు పెరిగే కాలంలో అది మరింత హెచ్చుతుంది. మొదటి ఏడు తలపొగరుగా ఉన్న పుంజు ఆ కాలం దాటాక చల్లబడవచ్చు. రెండేళ్ళు దాటి, తన్నడం అలవాటుగా మారిన పుంజు మీద మాత్రం నేను ఆశ పెట్టుకోను.

మూడో ప్రశ్న: పుంజు అసలు కావాలా?

‘నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదు’ అనుకున్న అవ్వ కథ మనకు తెలిసిందే. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. పెడతాయి, అవే గుడ్లు, అంతే గుడ్లు. పిల్లలు మాత్రం రావు. మీకు కోడిపిల్లలు తీయించే ఉద్దేశం లేక, మంద గట్టి కంచె లోపలే ఉంటే, మనుషులను తన్నే పుంజును భరించడానికి కారణం ప్రేమ ఒక్కటే. అది చిన్న కారణమని నేను అనను. కాని అదొక్కటే కారణమని ఒప్పుకొని నిర్ణయం తీసుకుంటే మంచిది.

మంద ఆరుబయట తిరుగుతూ, గద్దలూ కుక్కలూ వచ్చే చోటయితే లెక్క మారుతుంది. అక్కడ మంచి పుంజు విలువ పెద్దది. గద్దను చూసి అరిచే అరుపు వేరు, నేల మీద వచ్చే జంతువును చూసి అరిచేది వేరు. పెట్టలు ఆ తేడా గుర్తుపట్టి దాక్కుంటాయి. ఇలాంటి చోట కాస్త ఓపిక పట్టడంలో అర్థం ఉంది.

దారికి తేవడం

పెద్దవాళ్ళే ఉన్న ఇల్లు, ఏడాది నిండని పుంజు, ఇంకా ముదరని అలవాటు: ఈ మూడూ కలిస్తే ముందు ఇదే ప్రయత్నించమంటాను. దీనికి కావలసినవి మందపాటి పాంటు, మోకాలి దాకా వచ్చే బూట్లు, ఒక చెక్కపలక, రోజూ కాస్త సమయం.

పలక కొట్టడానికి కాదు, గోడలా అడ్డం పెట్టుకోవడానికి. పుంజు ఎదురుగా వచ్చినప్పుడు వెనక్కి అడుగు వేయవద్దు, పరుగెత్తవద్దు, దాన్ని తరమవద్దు. కదలకుండా నిలబడాలి. అది చూపు తిప్పుకొని, పక్కకు జరిగి, నేల మీద నిజంగానే ఏదైనా ఏరుకు తినడం మొదలుపెట్టే దాకా నిలబడాలి. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. తర్వాత మీరు ముందుకు కదలాలి. వెళ్ళిపోయింది మీరు కాదని దానికి తెలియడమే ఇక్కడ పాఠం.

తన్నడం, కర్రతో కొట్టడం నేను వద్దంటాను. జాలి ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, పుంజుకు దెబ్బ అంటే పోరు. ఎదురుదెబ్బ తగిలితే పోరుకు ఒప్పుకున్నారని అనుకుంటుంది. బలవంతుడి చేతిలో ఓడితే అతని జోలికి రాదు, కొట్టలేని మనిషిని వెతుక్కుంటుంది. మగవాళ్ళను చూసి తప్పుకొని, ఇంట్లో ఆడవాళ్ళ మీద, పిల్లల మీద వెనకనుంచి పడే పుంజులు చాలావరకు ఇలా తయారైనవే.

ఎత్తుకొని తిప్పడం పనిచేస్తుంది, కాకపోతే పద్ధతిగా చేయాలి. చీకటి పడ్డాక గూటి దండెం మీద నుంచి తీసుకోవడం తేలిక. మసక వెలుతురులో కోళ్ళకు చూపు ఆనదు కాబట్టి పెనుగులాట ఉండదు. రెక్కలు రెండూ ఒంటికి ఆనించి, చంకలో పెట్టుకొని, పది పదిహేను నిమిషాలు మీ పని మీరు చేసుకోవాలి. మొదట దాని గుండె మీ చేతికి దడదడమని తగులుతుంది. కాసేపటికి మెడ సడలుతుంది, కాళ్ళు వాలుతాయి, కన్ను అరమూత పడుతుంది. అప్పుడే దించాలి. పెనుగులాడుతున్నప్పుడు దించితే పెనుగులాట పనికొస్తుందని నేర్చుకుంటుంది. నేలకు అదిమి తల తొక్కిపట్టే పద్ధతి ఒకటి చెబుతారు. నేను అది చేయను, భయంతో లొంగిన పుంజు మళ్ళీ వెనకనుంచే వస్తుంది.

నాకు అన్నింటికంటే బాగా పనికొచ్చింది గింజలు. గేటు తీయగానే పిడికెడు గింజలు దానికి కాస్త ముందుగా, నేల మీదికి విసిరేదాన్ని. పుంజు తల దించి, ‘కుక్ కుక్ కుక్’ అంటూ పెట్టలను పిలుస్తుంది. గింజను ముక్కుతో ఎత్తి, వదిలి, మళ్ళీ ఎత్తి చూపిస్తుంది. ఆ పనిలో పడితే దానికి మనతో పని ఉండదు. మన రాకకూ ఆ పిలుపుకూ దాని తలలో ముడి పడుతుంది. చేతిలోంచి తినిపించడం మాత్రం మానేశాను. అది చేతిని పొడవడానికి దారి తీస్తోందనిపించింది.

వీటితో పాటు కొన్ని చిన్న జాగ్రత్తలు. పుంజు చూస్తుండగా పెట్టను పట్టుకోవద్దు, రాత్రి గూట్లో పట్టుకోండి. కొన్ని పుంజులకు ఎర్ర బకెట్టు, గాలికి ఊగే చీర కుచ్చిళ్ళు, కొత్త చెప్పులు పడవు. ఏది పడదో కనిపెట్టి పక్కన పెట్టండి. ఇంట్లో పెరట్లోకి వెళ్ళే ప్రతి మనిషీ ఒకే పద్ధతి పాటించాలి. ఒకరు నిలబడి, ఇంకొకరు పరుగెడితే శ్రమంతా వృథా.

గడువు ఆరు వారాలు పెట్టుకోండి. ప్రతి దాడికీ క్యాలెండరులో ఒక గీత గీయండి. మూడో వారానికి గీతలు తగ్గుముఖం పట్టకపోతే ఈ దారి దానికి సరిపోదని తెలుసుకోవాలి. ఇంకో వారం, ఇంకో నెల అంటూ సాగదీస్తే మిగిలేది గాయాలే.

ముళ్ళు మొద్దు చేయడం

ఇది కోపాన్ని తగ్గించదు, గాయాన్ని తగ్గిస్తుంది. కాబట్టి విడి దారి అనుకోకూడదు, మిగతావాటికి తోడు. కాలి ముల్లు లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి, పైన ఉండేది గోరు వంటి తొడుగు. మొన భాగాన్ని మాత్రమే కొద్దికొద్దిగా ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చేయాలి. తువ్వాలులో చుట్టి, తల కప్పితే ఊరకే ఉంటుంది. రక్తం కనిపిస్తే మొక్కజొన్న పిండి అద్ది గట్టిగా నొక్కి పట్టాలి. తొడుగును మెత్తబరిచి మొత్తంగా తిప్పి ఊడదీసే పద్ధతి ఒకటుంది. లోపలి పచ్చి భాగం బయటపడి నొప్పి పెడుతుంది కాబట్టి నేను ఎవరికీ చెప్పను. ముల్లు మళ్ళీ పెరుగుతుంది, కొన్ని నెలలకోసారి చూసుకోవాలి. పుంజు జతకట్టడానికి పైకెక్కి తొక్కేటప్పుడు పెట్టల పక్కలు చీరుకుపోకుండా ఉండడం దీనివల్ల కలిగే రెండో లాభం.

వేరుగా ఉంచడం

అందరూ చిన్నచూపు చూసే దారి ఇది. నా దృష్టిలో పిల్లలున్న ఇంటికి ఇదే మొదటి దారి. కాని గంప కింద మూసిపెట్టడం వేరుచేయడం కాదు. తిరగడానికి, మట్టిలో పొర్లడానికి, నీడకు చేరడానికి, ఎత్తుగా ఎక్కి కూర్చోవడానికి చోటుండాలి. వల కంచె గుండా మంద కనబడితే రెండు మూడు రోజులు కంచె వెంట అటూ ఇటూ తిరిగి, తర్వాత సర్దుకుంటుంది. ఒకటి రెండు నెమ్మదైన, వయసు మీరిన పెట్టలను తోడు ఇస్తే ఇంకా మంచిది. తోడు పెట్టలను వంతులవారీగా మార్చి మార్చి పంపే ఆలోచన వద్దు, ప్రతిసారీ పొడుచుకునే వరుస మొదటికి వస్తుంది.

పుంజులు ఎక్కువైపోయినవారు పుంజులన్నిటినీ ఒకే ఆవరణలో, పెట్టలు కంటపడని దూరంలో ఉంచవచ్చు. పోటీకి కారణం కనబడకపోతే చాలా పుంజులు కలిసి బతుకుతాయి.

ఈ దారి బరువు ఎక్కడుందంటే, పుంజు అయిదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది, కొన్ని ఇంకా ఎక్కువ. రోజూ రెండో చోట మేత, రెండో చోట నీళ్ళు, రెండో చోట శుభ్రం. అది చేయగలమా లేదా అని ముందే నిజాయితీగా అనుకోవాలి.

ఇంకొకరికి ఇవ్వడం

పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే. కాబట్టి ఇచ్చేవాళ్ళు ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళు తక్కువ. విశాలమైన ఆవరణ, పెద్ద మంద, చిన్నపిల్లలు లేని ఇల్లు దొరికితే ఇది మంచి దారి. కాపలా గుణం ఎక్కువైన పుంజు అలాంటి చోట మెప్పు పొందుతుంది కూడా. మనుషులను తన్నుతుందనే మాట మాత్రం ముందే చెప్పండి. చెప్పకుండా ఇస్తే మీ ఇంట తప్పిన గాయం ఆ ఇంట పడుతుంది. తీసుకునేవారు దాన్ని నెల రోజులు తమ మందకు దూరంగా ఉంచి, జబ్బులేవీ లేవని తేలాకే కలపాలి. పందేలకు దింపేవారి చేతికి చిక్కకుండా చూసుకోండి. ఎక్కడో తోపులో వదిలేయడం మాత్రం దయ కాదు, కుక్కలకో ఆకలికో అప్పగించడమే.

వృషణాలు తీయించడం గురించి కూడా అడుగుతుంటారు. కోడికి అవి కడుపు లోపల, వెన్నుకు ఆనుకొని ఉంటాయి. ఆ పని చేసేది చాలా చిన్న వయసులో. ఎదిగిన పుంజుకు ప్రాణాపాయం ఎక్కువ. తన్నే పుంజుకు ఇది పరిష్కారమని నేను అనుకోను.

చంపడం

ఈ మాట రాయడానికి చేయి ఆడదు, అయినా దాటవేయడం తప్పు. పిల్లల మీద పడిన పుంజు, వేరుచేయడానికి చోటు లేని ఇల్లు, తీసుకునేవారు లేని పరిస్థితి: ఇవన్నీ కలిస్తే ఇదే మిగులుతుంది. ఇరుకు బోనులో ఏళ్ళ తరబడి ఉంచడం కంటే ఇది క్రూరమని నేను అనుకోను. చేయి తిరిగిన మనిషి చేత, ఒక్క క్షణంలో జరగాలి. రాత్రి గూట్లోంచి నెమ్మదిగా తీసుకొని, వెలుతురు తక్కువ ఉన్న చోట ఉంచితే అది బెదరదు. కోపంలో, తన్నిన నిమిషంలో ఈ నిర్ణయం తీసుకోవద్దు. తినే ఉద్దేశం ఉంటే, ఇటీవల మందులు వాడినప్పుడు ఎన్నాళ్ళు ఆగాలో పశువైద్యుణ్ణి అడగండి.

ఏ దారి ఎంచుకున్నా పిల్లలు తీసే విషయంలో ఒక జాగ్రత్త పాటించండి. స్వభావం కొంత రక్తంలో వస్తుంది, కాబట్టి మనుషులను తన్నే పుంజు గుడ్లను పొదగవేయవద్దు. పుంజును తీసేసినా పెట్ట ఒంట్లో దాని బీజం రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. నెల రోజులు ఆగి, కొత్త పుంజును కలిపాకే గుడ్లు దాచుకోండి. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పన్నెండు పెట్టలు ఉండేలా చూసుకుంటే పెట్టల వీపు ఈకలు రాలిపోవు. కొత్త పుంజును ముద్దు చేసి పెంచకండి. కాస్త వయసున్న పెట్టల మధ్య వదిలితే, హద్దు మీరినప్పుడల్లా అవే నాలుగు తగిలించి బుద్ధి నేర్పుతాయి.

నా పుంజు విషయానికి వస్తే, క్యాలెండరులో మొదటి వారం తొమ్మిది గీతలు, నాలుగో వారం రెండు, ఆరో వారం ఏమీ లేవు. నాతో సంధి కుదిరిందనుకున్నాను. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చిన అయిదేళ్ళ పాప బంతి కోసం పెరట్లోకి వెళ్ళింది. పుంజు రెక్క దించి, పక్కవాటుగా అడుగులు వేయడం వంటింటి కిటికీలోంచి చూశాను. పాపను ఎత్తుకొని లోపలికి వచ్చేసరికి నిర్ణయం జరిగిపోయింది. మర్నాడే కంచె పని మొదలుపెట్టాం. ఇప్పుడు దానికి తోడుగా రెండు ముసలి పెట్టలు ఉన్నాయి. తలుపు గడియ పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంది. నీళ్ళ గిన్నెను కంచె బయటి నుంచే నింపుతాను, వంగినా వెనక ఏ చప్పుడూ రాదు.